గాలి ఎక్కడిదాకా వస్తోంది?

నాన్న ఎడమచేతి చూపుడువేలితో ఒక మెట్టు నొక్కాడు. పెట్టె 'బుయ్' మంది. పక్క మెట్టు నొక్కాడు. మళ్ళీ అదే 'బుయ్'. నాలుగు మెట్లు వదిలేసి ఐదోది నొక్కాడు. అదే. వేలు పెడితే మోగుతోంది, తీస్తే ఆగుతోంది. కానీ ఎక్కడ పెట్టినా ఒకటే స్వరం.

"శృతిపెట్టె చేశావట్రా?" అన్నాడు.

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేను తెనాలి వెళ్ళింది ఆ పెట్టె ఇవ్వడానికే. మూడు నెలల శనాదివారాలన్నీ హైదరాబాద్‌లో గది తలుపులేసుకుని చేసిన సింథసైజర్ అది. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి ఏరుకొచ్చిన సామాను, చెక్కపెట్టె, పాత కీబోర్డు నుంచి పీకిన రెండు స్థాయిల మెట్లు. బస్సెక్కే ముందు కూడా వాయించి చూశాను. సరళీ స్వరాలు శుభ్రంగా పలికాయి. రాత్రంతా బస్సు పైఅరలో కుదుపులు తిని, తెల్లారి మా ఇంట్లో బల్లమీద కూచునేసరికి ఒక్క స్వరం తప్ప అన్నీ మర్చిపోయింది.

నాన్న ముప్ఫై ఏళ్ళకి పైగా పద్యనాటకాలకి హార్మోనియం వాయించాడు. 'సత్య హరిశ్చంద్ర' కాటిసీను ఎన్నిసార్లు వాయించాడో ఆయనకే లెక్క లేదు. నటుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తూ ఎటు వెళ్తాడో ముందే కనిపెట్టి, అతనికన్నా వెంట్రుకవాసి వెనకే ఉండాలి. ముందుకు దూకితే నటుడు చెడతాడు, బాగా వెనకబడితే పద్యం చెడుతుంది. జనం 'వన్స్ మోర్' అని అరిచేది నటుడి కోసమే. ఆ అరుపులో తన వాటా ఎంతో నాన్నకి తెలుసు. ఎప్పుడూ పైకి అనలేదు.

కిందటేడు పక్షవాతం వచ్చింది. కుడివైపు. మొదట్లో మాట ముద్దముద్దగా వచ్చేది, అది చాలావరకు సర్దుకుంది. కాలు కొంచెం ఈడుస్తాడు. చెయ్యి మాత్రం రాలేదు. హార్మోనియానికి రెండు చేతులు కావాలి. ఒకటి మెట్ల మీద, ఒకటి తిత్తి మీద. బాగున్న ఎడమచెయ్యి తిత్తికి ఇస్తే మెట్లకి దిక్కులేదు, మెట్లకి ఇస్తే గాలి లేదు. పాతరోజుల్లో స్టేజీ మీద కాళ్ళతో తొక్కే హార్మోనియం ఉండేది. అది ఉన్నా లాభం లేదు, కుడికాలూ అంతంతమాత్రమే. అమ్మ తిత్తి వేస్తానంది. రెండు రోజులు వేసింది కూడా. మూడోరోజు నాన్న పెట్టె మూత వేసేశాడు. "నేను ఊపిరి తీసుకోవాల్సిన చోట మీ అమ్మ తీసుకుంటోందిరా" అన్నాడు ఫోన్లో.

అప్పుడు వచ్చింది నాకు ఈ ఆలోచన. సింథసైజర్‌కి గాలి అక్కర్లేదు. ఒక చెయ్యి చాలు.

"ఆ మాత్రం దానికి బజార్లో కీబోర్డు కొనొచ్చుగా" అంది అమ్మ. కొనొచ్చు. కానీ కొనే కీబోర్డు మామూలుగా హార్మోనియంలాగే ఏ మెట్టుకి ఆ మెట్టు విడిగా పలుకుతుంది. గమకం పలకదనే కదా ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ నిషేధం ఎత్తేసేనాటికి నాన్న ఇంకా కుర్రాడు. అయినా గురువుల దగ్గర్నుంచి అందుకున్న కోపం ఆయనకి సొంత కోపంలాగే ఉండేది. నేను చేసే పెట్టెలో స్వరం ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి జారాలి, ఆ జారుడు ఎంత వేగమో తిప్పుకోవడానికి ఒక నాబ్ ఉండాలి అనుకున్నాను. పైకి చెప్పుకున్న కారణం అది. అసలు కారణం ఇంకోటి కూడా ఉంది. డబ్బు పెట్టి కొన్నది కాకుండా చేత్తో చేసింది ఇస్తే, దూరంగా ఉన్న తప్పు కొంత తీరుతుందని.

ఇక్కడ పెట్టె ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. హార్మోనియంలో మెట్టు నొక్కితే గాలి దారి తెరుచుకుని రీడు పలుకుతుంది. ఇలాంటి సింథసైజర్లో మెట్టుకీ శబ్దానికీ నేరుగా సంబంధం లేదు. మధ్యలో ఒక ఆజ్ఞ ఉంటుంది. దాన్ని కంట్రోల్ వోల్టేజ్ అంటారు. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ తన సింథసైజర్‌ని ఈ పద్ధతి మీదే కట్టాడు. వోల్టేజీ ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. కింది షడ్జం నుంచి పై షడ్జానికి సరిగ్గా ఒక వోల్టు. మధ్యలో పన్నెండు మెట్లు కాబట్టి ఒక్కో మెట్టుకి 83 మిల్లీవోల్టుల పైచిలుకు. ఆ వోల్టేజీకి సొంతంగా చప్పుడేమీ లేదు. 'ఇంత ఎత్తులో పాడు' అని పక్కనున్న ఆసిలేటర్‌కి చెప్తుంది, అంతే. పాడేది ఆసిలేటర్.

ఈ మూగ్ యంత్రం మనకి మరీ పరాయిదేం కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టాడు. ఆ ఏడు నాన్నకి పదకొండేళ్ళు. గురువుగారింట్లో అరుగు మీద సరళీ స్వరాలు వాయిస్తున్నాడు.

సరే, నా పెట్టె సంగతి. మెట్టు నొక్కితే మోగడం, వదిలితే ఆగడం జరుగుతోంది కాబట్టి మెట్లు బాగానే ఉన్నాయి. స్వరం మారడం లేదు కాబట్టి వోల్టేజీ రావడం లేదు. బయటికొచ్చే జాక్ దగ్గర మీటర్ పెట్టాను. సున్నా. ఏ మెట్టు నొక్కినా సున్నా. ఆసిలేటర్‌కి సున్నా అందితే అది తన అట్టడుగు స్వరం దగ్గరే కూచుంటుంది. నాన్న విన్న శృతి అదే.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చేతికి ముందు తగిలేది ల్యాప్‌టాప్. ప్రోగ్రాం తెరిచి, మెట్టు నొక్కినప్పుడల్లా అది ఏ అంకె పంపుతోందో తెర మీదికి రప్పించాను. 0, 83, 167, 250. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే తప్పు ప్రోగ్రాంది కాదు, ఐసీ పోయిందన్నమాట అనుకున్నాను. చివర్లో ఉండే టీఎల్ 072 అనే ఆప్‌యాంప్ మీదికి పోయింది అనుమానం. ఎనిమిది కాళ్ళ చిన్న నల్ల ఐసీ. అదృష్టం కొద్దీ దాన్ని సాకెట్లో పెట్టాను, సంచీలో ఇంకో రెండున్నాయి. ఒకటి మార్చాను. బుయ్. రెండోది మార్చాను. బుయ్.

అప్పటికి పదకొండయింది. కరెంటు పోయి వచ్చింది. అమ్మ రెండుసార్లు టిఫిన్‌కి పిలిచింది. నేను ఆప్‌యాంప్ అమ్మినవాణ్ణి తిట్టుకుంటున్నాను, నకిలీ సరుకు అంటగట్టాడని. నాన్న కుర్చీలో కూచుని ఇదంతా చూస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమచెయ్యి పెట్టుకుని.

"గాలి ఎక్కడిదాకా వస్తోంది?" అన్నాడు.

"ఇందులో గాలి ఉండదు నాన్నా."

"అదేలేరా. గాలి కాకపోతే ఇంకోటి. ఎక్కడిదాకా వస్తోంది?"

హార్మోనియంలో ఒక మెట్టు పలక్కపోతే కొత్తవాళ్ళు ముందు రీడు పీకుతారట. పీకి, గీకి, ఉన్న శృతి కూడా పోగొడతారు. నాన్న పద్ధతి వేరు. మెట్టు నొక్కి తిత్తి వేసి చూస్తాడు. గాలి వస్తోందా లేదా? రాకపోతే తప్పు కిందెక్కడో ఉంది, రీడు జోలికి పోనక్కర్లేదు. గాలి వచ్చి పలకలేదంటే రీడులో నలుసు పడింది. పల్చటి కాగితం ముక్క రీడు కిందికి దూర్చి లాగితే వచ్చేస్తుంది. నాటకం మధ్యలో, రెండు పద్యాలకి నడుమ వచనం నడిచే కాస్త టైములో ఈ పని చేసేవాడు. ఉన్న టైము అంతే కాబట్టి, ముందు సగం పెట్టెని లెక్కలోంచి తీసేయాలి.

నేను చేస్తున్నది ఊహించడం. ఆయన చెప్పింది వెతకడం. ఆఫీసులో జూనియర్లకి ఇదే మాట నేను చెప్తుంటాను.

మధ్యలోంచి మొదలుపెట్టాను. ప్రోగ్రాం పంపిన అంకెని వోల్టేజీగా మార్చే చిప్ ఒకటుంది, ఎంసీపీ 4822. అందులో ఒక్కో అంకెకి అర మిల్లీవోల్టు. ఆ తర్వాత ఆప్‌యాంప్ దాన్ని రెట్టింపు చేసి జాక్‌కి పంపాలి. చిప్ కాలి మీద వోల్టేజీ చూడాలంటే నా రెండు చేతులూ మీటర్ వైర్లకే సరిపోయాయి. మెట్టు నొక్కడానికి మూడో చెయ్యి లేదు.

"నాన్నా, షడ్జం నొక్కి పట్టుకో."

పట్టుకున్నాడు. అర వోల్టు.

"పై షడ్జం."

ఒక వోల్టు. సరిగ్గా రెట్టింపు. అంటే ఇక్కడిదాకా గాలి వస్తోంది. పెట్టెలో పెద్ద భాగం లెక్కలోంచి పోయింది. మిగిలింది ఆప్‌యాంప్, దాని చుట్టూ నాలుగు రెసిస్టర్లు, జాక్.

ఆప్‌యాంప్ మూడో కాలు లోపలికి వచ్చే దారి. నాన్న కింది షడ్జం పట్టుకున్నాడు. అర వోల్టు, బాగుంది. ఒకటో కాలు బయటికి పోయే దారి. అక్కడ ఒక వోల్టు ఉండాలి. పోయింది కాబట్టి సున్నా ఉంటుందనుకున్నాను. మీటర్ 10.8 చూపించింది. వైరు తీసి మళ్ళీ పెట్టాను. 10.8.

జాక్ దగ్గర ఏమీ లేదు. దానికి అంగుళం దూరంలో, లోపల, ఆప్‌యాంప్ తన శక్తి మొత్తం పెట్టి అరుస్తోంది.

ఆప్‌యాంప్ స్వభావం తెలిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. దానికి వినే చెవులు రెండు. ఒక చెవితో రావాల్సిన స్వరం వింటుంది. ఇంకో చెవి, అంటే రెండో కాలు, తను పంపింది బయట ఎంత అందుతోందో తిరిగి వినడానికి. దాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. రెండు చెవుల్లోనూ ఒకటే వినపడేదాకా తన గొంతు సర్దుకుంటూ పోతుంది. నేను ఆ రెండో చెవిని జాక్ దగ్గరే కట్టాను, బయట నిజంగా అందేదే వినాలని. ఇప్పుడు రెండో కాలి మీద మీటర్ పెడితే సున్నా. దానికి తిరిగి ఏమీ వినపడడం లేదు. అందలేదేమో అనుకుని గొంతు పెంచింది. అయినా వినపడలేదు. ఇంకా పెంచింది. పన్నెండు వోల్టుల కరెంటులో దాని గొంతు 10.8 దాకా వెళ్ళి, ఇంక పెరగలేక అక్కడ ఆగిపోయింది. పాపం, ఐసీ ఏమీ పోలేదు. నేను మార్చిన మూడూ బాగున్నవే.

తెగింది ఒకటో కాలికీ జాక్‌కీ మధ్య. అక్కడున్నది ఒకే ఒక్క రెసిస్టర్, ఒక కిలో ఓమ్. ఐస్‌క్రీం పుల్లతో దాన్ని మెల్లగా నొక్కాను. బుయ్ మంటున్న పెట్టె ఒక్కసారి గెంతి షడ్జం మీదికి వచ్చింది. పుల్ల తీస్తే మళ్ళీ బుయ్. నొక్కితే షడ్జం.

"దొరికిందా?" అన్నాడు నాన్న.

"దొరికింది."

"నా చెయ్యి కూడా ఇట్టాగేనంటరా? డాక్టర్ అదే అన్నాడు. చేతికేం కాలేదు, కండలన్నీ బాగున్నయ్యి, పైనుంచి దారే తెగిందని."

ఈ పోలిక నాకు పొద్దుటే తట్టింది. నోటిదాకా వచ్చి మింగేశాను. ఆయన అంత మామూలుగా అనేసరికి ఏం చెప్పాలో తోచలేదు. నా పెట్టెలో తెగిన చోటు పుల్ల పెట్టి చూపించగలను, అయిదు నిమిషాల్లో అతకగలను. ఆయన చేతికి తెగిన చోటు స్కాన్‌లో డాక్టరు చూపించాడు. చూపించడం వరకే. ఎక్కడ తెగిందో తెలియడం, అతకడం ఒకటి కావు. అలాంటి మాటేదో అనబోయాను. నాన్న అప్పటికే పెట్టె వైపు చూస్తున్నాడు. "దాన్ని ముందు బాగుచెయ్" అన్నాడు.

సోల్డరింగ్ ఐరన్ తేలేదు. వీధి చివర టీవీలు బాగుచేసే కొట్టుకి పట్టుకెళ్ళాను. ఆయన పెట్టెని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైకి తోసి, "డ్రై సోల్డర్" అన్నాడు. నాకు నాలుగు గంటలు పట్టింది ఆయనకి నాలుగు సెకన్లు. రెసిస్టర్ కాలి చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది. బస్సు కుదుపులకి వదిలేసింది. అసలు తప్పు బస్సుది కాదు, నాది. చివరి వారం తొందరలో సరిగ్గా వేడెక్కకుండానే సీసం పెట్టేశాను.

ఆయన పాత సీసం లాగేసి కొత్తది పెడుతుంటే, కొట్టు ముందు స్టూలు మీద కూచుని ఆ 10.8 గురించే ఆలోచించాను. ఏడాదిగా నేను రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తున్నాను. వ్యాయామం చేశావా నాన్నా. బంతి పిసికావా. ఎన్నిసార్లు. నిన్న ఇరవై అన్నావుగా, ఇవాళ పదిహేనేంటి. వీడియో పంపాను చూశావా. ఆయన "ఆఁ" అనేవాడు. ఆ "ఆఁ" లో ఏముందో నాకు వినపడేది కాదు. వినపడలేదని ఇంకో వీడియో పంపేవాణ్ణి, ఇంకో రకం బంతి ఆర్డర్ పెట్టేవాణ్ణి. చివరికి ఏకంగా ఒక సింథసైజర్ చేసుకొచ్చాను. ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా "నాన్నా, నీకు మళ్ళీ వాయించాలని ఉందా?" అని అడగలేదు. అడిగితే లేదంటాడేమోనని కాదు. అడగాలనే తట్టలేదు.

ఇంటికొచ్చి అదే అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

"వాయించాలని లేదురా. పాడేవాడు లేకుండా నేనొక్కణ్ణీ ఏం వాయిస్తాను? ఎవడైనా పాడుతుంటే వెనక ఉండాలని ఉంది."

అది విన్నాక నా పెట్టె నాకే కొంచెం చిన్నగా కనపడింది.

అయినా ముందు పెట్టాను. షడ్జం నొక్కాడు, పలికింది. పంచమం. పై షడ్జం. మొహం కొంచెం చిట్లించాడు.

"పై షడ్జం దిగి ఉంది."

ఉండదన్నాను. మీటర్ పెట్టి చూపించాను. రెండు షడ్జాలకీ మధ్య సరిగ్గా ఒక వోల్టు, 1.000, మూడు సున్నాలు.

"దానికి తెలీదులే. దిగి ఉంది."

ఆయన చెప్పిందే నిజం. నేను ఆసిలేటర్‌ని హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూచుని సరిచేశాను. ఇలాంటి ఆసిలేటర్లకి వేడి పడదు. వేడెక్కితే స్వరాల మధ్య దూరం తగ్గుతుంది. ఆజ్ఞ సరిగ్గానే వెళ్తోంది, తెనాలి ఎండలో పాడేవాడి గొంతు అందుకోలేకపోతోంది. నా మీటర్ ఆజ్ఞనే కొలుస్తోంది, పాటని కాదు.

చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ట్రిమ్మర్ మీద పెట్టాను. మీటర్ పక్కకి తిప్పేశాను. నాన్న కింది షడ్జం, పై షడ్జం మార్చి మార్చి నొక్కుతూ కళ్ళు మూసుకున్నాడు.

"పెంచు. ఇంకా. ఇంకొంచెం. ఎక్కువైంది, దించు. ఆఁ. ఆగు."

ఈ "ఆఁ" వేరే. మీటర్ తిప్పి చూశాను. 1.024.

తర్వాత జారుడు నాబ్ చూపించాను. రెండు మెట్ల మధ్య స్వరాన్ని మెల్లగా జార్చి విన్నాడు. మళ్ళీ జార్చాడు. హార్మోనియం మీద ముప్ఫై ఏళ్ళు పలకనిది పలుకుతోంది. ఏమంటాడా అని చూస్తున్నాను. "కల్లు తాగినోడి నడకలా ఉందిరా" అన్నాడు. నాబ్‌ని సున్నాకి దగ్గరగా తిప్పి, వేగం పెంచి, మళ్ళీ విన్నాడు. ఈసారి ఏమీ అనలేదు. సాయంత్రం అమ్మ వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తుంటే, ముందుగదిలోంచి వెంట్రుకవాసి వెనగ్గా పెట్టె పలకడం విన్నాను. అమ్మ ఆపింది. పెట్టె ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. నేను ముందుగదిలోకి వెళ్ళలేదు.

ఇది జరిగి రెండు నెలలు. చెయ్యి అలాగే ఉంది. బంతి సంగతి నేను అడగడం మానేశాను. అడక్కపోయినా ఒక్కోరోజు ఆయనే చెప్తాడు. మొన్న మధ్యాహ్నం ఆఫీసులో మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. ఎప్పుడూ నేను చేసే ఫోనే. ఆయన చెయ్యడం పక్షవాతం వచ్చాక అదే మొదలు. కంగారుగా బయటికొచ్చి ఎత్తాను.

"ఒరే, ఎండెక్కితే పై షడ్జం మళ్ళీ దిగుతోంది. తెల్లారుజామున బానే ఉంటోంది."

వేడికి తగ్గట్టు సర్దుకునే రెసిస్టర్ ఒకటి ఉంటుంది, వచ్చేటప్పుడు తెస్తానన్నాను.

"తీసుకురా. ఇంకో సంగతి. నిషాదం దగ్గర ఏదో గరగరమంటోంది. ఉండు, వినిపిస్తా."

ఫోను పెట్టె దగ్గర పెట్టిన చప్పుడు. తర్వాత నిషాదం. కారిడార్‌లో గోడకి ఆనుకుని, రెండో చెవి మూసుకుని విన్నాను.